నడిమడుగు పంచాయితీ

మా జమ్ముగడ్డ వాళ్ళెవరూ పుట్టి ఎక్కినాక 'తిప్పు' అనే మాట ఊరికే అనరు.

జమ్ముగడ్డ తుంగభద్ర నడిమధ్యన ఉండే చిన్న ఊరు. ఇటు ఒడ్డున దిగి రోడ్డెక్కితే ఎమ్మిగనూరు. అటు ఒడ్డు కర్ణాటక. చుట్టూ నీళ్ళు, నీళ్ళ అంచున జమ్ము గడ్డి, నడుమ మా ఇండ్లు, ఉల్లిగడ్డ మళ్ళు, గొర్రెలు. ఎండాకాలం ఇసుకలో గుంతలు తీసి కళింగర కాయలు, అదే పుచ్చకాయలు, పండిస్తాం. ఏది అమ్మాలన్నా, ఏది కొనాలన్నా పుట్టి ఎక్కాల్సిందే. వెదురు బద్దలు గుండ్రంగా అల్లి, కింద టార్పాలిన్ పట్టా కట్టి, తారు పూస్తే అది పుట్టి. దానికి ముందూ లేదు, వెనకా లేదు. తెడ్డు ఒక పక్కనే వేస్తే బొంగరం మాదిరి తిరుగుతుంది.

మా తాత కాలం నుంచి పంచాయితీలు అందులోనే జరిగేవి. ఎవరి మీద మాట పడిందో వాడు పుట్టి ఎక్కి, నడిమడుగుకు పోయినాక, తెడ్డు పట్టినవాని ముఖం చూసి 'తిప్పు' అంటాడు. అడుగు, జవాబు చెప్తాను అని దాని అర్థం. తెడ్డువాడు పుట్టిని గట్టిగా తిప్పి, తెడ్డు ఎత్తి ఒళ్ళో పెట్టుకుంటాడు. అడిగేవాడు అడుగుతాడు. పుట్టి తిరగడం ఆగేలోపు జవాబు రావాల. రాకపోతే వాన్ని ఒడ్డున దించుతారు. ఆ తర్వాత మా ఊరి తెడ్డు ఏదీ వానికోసం నీళ్ళు ముట్టదు. ఆ మాట ఎవరిచేతా బలవంతంగా అనిపించగూడదు. వాడే అనాల.

గిడ్డయ్య ఒకసారి అన్నాడు. వాళ్ళన్న పొట్టేలు పోయింది, నువ్వే కోసి తిన్నావంటే కాదన్నాడు. పౌరుషంతో పుట్టి ఎక్కి తిప్పమన్నాడు. రెండు చుట్లు తిరిగినాక పొద్దున తిన్న ఉగ్గాని, బజ్జి అంతా నీళ్ళపాలు చేసి, "నేనే తింటిని లేప్పా, ఆపండి" అన్నాడు. ఇప్పటికీ ఎవరింట్లో మాంసం వండినా "గిడ్డయ్యా, తిప్పమంటావా?" అంటారు. వాడు తిట్టి, కూర్చుని తింటాడు.

బాలరాజు నోట ఆ మాట కోసం నేను ఏడాదికి పైనే కాచుకున్నాను.

బాలరాజుదీ మా ఊరే. నాకంటే రవ్వ చిన్నోడు. ఒకే బడి, ఒకే పలక. ఆ తర్వాత ఆదోనిలో పత్తి మండీలో గుమాస్తాగా చేరి, పత్తి వ్యాపారం చేసి, బస్టాండు పక్కన లాడ్జి కట్టినాడు. వాళ్ళమ్మ సుభద్రమ్మ మాత్రం గడ్డ దిగి పోలేదు. ఆదోని గాలి నాకు పడదని ఈడనే ఉండిపోయింది.

మా ఊరోళ్ళు వంతెన అడగబట్టి నాకు మీసాలు రాకముందు నుంచి. ఓట్లకు వచ్చిన ప్రతివాడూ కడతామన్నాడు. ఒకసారి కొలతలోళ్ళు నిజంగానే వచ్చినారు. రోడ్డు ఒడ్డు రేవు దగ్గర ఒక రాయి పాతి, దానికి సున్నం పూసి పోయినారు. ఆ పక్క మేకపిల్లలు ఆ రాయి ఎక్కి ఆడుకునేటివి. ఆ కొలతలోళ్ళను అటూ ఇటూ దాటించింది నేనే. ఊరికి ఉన్న ఒక్క పుట్టీ నాదే. ఇంటికింత అని కోతల్లో గింజలు మేరగా పెడతారు, ఏడాదంతా నేను దాటిస్తాను. వంతెన వస్తే నా పని పోతుంది. ఆ సంగతి నాకు తెలుసు, నా భార్య రామమ్మకూ తెలుసు. "పోతే పోనీలే, కూలికి పోదాం. ఆస్పత్రికి నడిచి పోయే దారుంటే చాలు" అనేది.

అట్లాంటప్పుడు బాలరాజు దీవుల అభివృద్ధి పథకం అని ఒకటి తెచ్చినాడు.

బడి వరండాలో గ్రామసభ పెట్టినారు. గోడకు పెద్ద బొమ్మ కట్టినారు. అందులో నీలం నీళ్ళు, కొబ్బరిచెట్లు, గొడుగు కింద పడుకున్న మనుషులు. మా గడ్డ మీద ఒక్క కొబ్బరిచెట్టు లేదు. వచ్చిన ఆఫీసరు మైకు పట్టుకుని, మీ ఊరు ఇంక వెనకబడిన ఊరు కాదు, పర్యాటక దీవి అన్నాడు. కాటేజీలు వస్తాయి, మోటరు బోటు వస్తుంది, ఆదివారం హైదరాబాదు నుంచి కూడా వస్తారు, పిల్లలకు పనులు దొరుకుతాయి అన్నాడు. ఇసుకలో కళింగర గుంతలు తీయగూడదు, అది బీచి అన్నాడు. గొర్రెలు నీళ్ళ అంచుకు రాగూడదు. పుట్లు ప్రమాదం కాబట్టి అనుమతి లేకుండా మనుషుల్ని ఎక్కించగూడదు.

నేను మామూలుగా సభల్లో మాట్లాడను. ఆ రోజు లేచినాను.

"వంతెన సంగతేందప్పా?"

ఆఫీసరు బాలరాజు వైపు చూసినాడు. బాలరాజు మైకు తీసుకుని నవ్వినాడు.

"బసప్పన్నా, వంతెన వస్తే నీ పుట్టి ఎవరెక్కుతారు? నీ మేలు కోసమే గదా మేం ఆలోచన సేస్తాండేది."

అందరూ నవ్వినారు. గిడ్డయ్య తొడ కొట్టుకుని నవ్వినాడు. నవ్వుల్లో సభ అయిపోయింది, టీలు వచ్చినాయి. నేను అడిగినదానికి జవాబు రాలేదని రామమ్మ ఒకతే గుర్తు పెట్టుకుంది. ఇంటికి పోయినాక, "అడిగిందేంది, వాడు సెప్పిందేంది?" అని పొయ్యి ఊదుతా అన్నది.

పనులు నిజంగానే దొరికినాయి. అది కాదనను. మా కూతురు మౌనికకు ఆఫీసు గదిలో పని ఇచ్చినారు. నీలం చీర, పైటకు పేరు బిళ్ళ. గిడ్డయ్యకు మోటరు బోటు నేర్పించి దానికి డ్రైవరును చేసినారు. బోటు గుత్త బాలరాజుది. తాళం కూడా బాలరాజుదే. ఎక్కిన ప్రతిసారీ టికెట్టు కాబట్టి ఊరోళ్ళు కోతల్లో నాకు పెట్టే మేర ఆపేసినారు. వాళ్ళను తప్పు పట్టను. రెండు పక్కలా ఎట్ల పెడతారు?

నా పుట్టిని మనుషులొచ్చి ఎత్తుకుపోయినారు. పగలగొడతారేమో అనుకున్నాను. లేదు. ఆఫీసు గది గోడకు తగిలించినారు, దేవుని పటం మాదిరి. దాని చుట్టూ రంగు బల్బులు పెట్టినారు. వచ్చినోళ్ళు దాని ముందు నిలబడి ఫోటోలు తీసుకునేవాళ్ళు. వెదురుకు కొట్టిన మేకు నాకు రోజూ కనపడేది. పుట్టికి ఎవడూ మేకు కొట్టడు. ఓటి పడుతుంది.

రామమ్మను పాము కరిచింది పొద్దున పూట. గొర్రెల్ని అంచుకు రానియ్యకపోవడంతో జమ్ము మనిషెత్తు పెరిగింది. అంతకుముందు గొర్రెలు దాన్ని మొదట్లోనే కొరికి పెట్టేటివి. బర్రెకు గడ్డి కోసుకొస్తానని పోయి, కాలు పట్టుకుని వచ్చింది. రక్తపింజర. కాలు ఉబ్బుతా ఉంది గానీ ఆమె మాట బాగానే ఉంది. "బిరీన పోదాం పా" అన్నది.

రేవుకు మోసుకుపోయినాను. బోటు ఉంది. గిడ్డయ్య ఉన్నాడు. తాళం లేదు. ముందురోజు డీజిలు లెక్కల్లో తేడా వచ్చిందని బాలరాజు తాళం ఆదోనికి తీసుకుపోయినాడు. గిడ్డయ్య ఫోను చేస్తే, "వస్తాండా, దారిలో ఉండా" అన్నాడు. నేను ఆఫీసు గదికి ఉరికినాను. పుట్టిని గోడ నుంచి పీకినాను. మేకు దగ్గర పట్టా చినిగింది. అయినా నీళ్ళలో వేసి, ఆమెను కూర్చోబెట్టి తెడ్డు వేసినాను. మూరెడు పోకముందే పాదాలు మునిగినాయి. వెనక్కి తెచ్చినాను. రెండోసారి గుడ్డలు కుక్కి పోయినాను. మళ్ళీ వెనక్కి. గిడ్డయ్య మెడలోతు నీళ్ళలో నిలబడి పట్టుకున్నాడు, ఏడ్చినాడు.

రామమ్మ ఒడ్డున ఇసుకలో పడుకుని అవతల ఒడ్డు చూస్తా ఉండింది. ఆడ రోడ్డు మీద ఎమ్మిగనూరు ఆటోలు పోతా కనపడుతున్నాయి. ఆటో హారను వినపడేంత దూరం అది. బాలరాజు కారు వచ్చేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. అప్పటికి కారుతో పని లేదు.

దినాలకు బాలరాజు వచ్చినాడు. భుజం మీద చెయ్యి వేసినాడు. "దేవుడు రాసింది అన్నా, మనమేం సేస్తాం" అన్నాడు. పుట్టికి కొత్త పట్టా వేయించి మళ్ళీ గోడకు తగిలించినాడు. దాని కింద నల్లబల్ల పెట్టి, 'నదిలో పంచాయితీ - తిరిగే పుట్టి - మా సంప్రదాయం' అని రాయించినాడు. ఇంకో పుట్టి తెప్పించి, వచ్చినోళ్ళను అందులో తిప్పే ఆట కొత్తగా పెడుతున్నామని, బాగా తిప్పేవాడు కావాలని ఊర్లో చెప్పించినాడు.

నేను పోయి చేరినాను.

ఊరు నన్ను వింతగా చూసింది. మౌనిక మూడు పూటలు మాట్లాడలేదు. తర్వాత సంగటి గిన్నె నా ముందు పెట్టి, "అమ్మ పోయిందానికి వాళ్ళ దగ్గరే చేరితివి నాయనా?" అన్నది.

"నువ్వు సేస్తాండావు గదా."

"నేను జీతం కోసం సేస్తాండా. నీకేం కావాల్సి వచ్చింది?"

నేను తిన్నాను. గిన్నె కడిగి పెట్టి, తెడ్డు తీసుకుని రేవుకు పోయినాను.

ఆ ఏడాది వందలమందిని తిప్పినాను. మునగకుండా తేల్చే నారింజ రంగు లైఫ్ జాకెట్లు తొడుక్కుని ఎక్కేవాళ్ళు. "తిప్పు తాతా, ఇంకా తిప్పు" అని అరిచేవాళ్ళు. వాళ్ళది లెక్కలోకి రాదు. వాళ్ళు మా ఊరోళ్ళు కాదు. వాళ్ళు కేకలు వేస్తుంటే మా ఆడవాళ్ళు రేవులో బట్టలు ఉతుకుతా తల దించుకునేవాళ్ళు.

బాలరాజు పెద్దోళ్ళు వచ్చినప్పుడు తానూ ఎక్కేవాడు. ప్రతిసారీ నేను వాని నోరే చూసేవాన్ని. ఒకసారి ఆదోని వ్యాపారస్తులు వస్తే, "బసప్పన్నా, ఒక రౌండ్ కొట్టు" అన్నాడు. రౌండ్ కొట్టినాను. అది ఆ మాట కాదు. ఇంకోసారి చెయ్యి గాల్లో తిప్పి సైగ చేసినాడు. సైగ కూడా మాట కాదు. గిడ్డయ్య ఒక్కడికి నా సంగతి అర్థమైంది. బీడీ ముట్టిస్తా, "వాడు ఆదోనోడు అయిపోయినాడు అన్నా, ఆ మాట వాని నోట రాదులే" అన్నాడు.

"వస్తుంది."

"వస్తే?"

"అడుగుతా."

"ముంచుతావేమో అని నాకు భయం."

పుట్టిని బోర్లా వేయడం నాకు చిటికెలో పని. దాన్ని గురించి ఆలోచించలేదని చెప్పను. నీళ్ళలో పడినోడు ఈదుతాడు, లేకుంటే చస్తాడు. రెండింటిలోనూ జవాబు చెప్పడు. నాకు అది పనికిరాదు.

ఎండాకాలం మొదట్లో అనురాధ అనే పెద్ద ఆఫీసరు వస్తుందన్నారు. పథకం రెండో విడత మా గడ్డకు ఇవ్వాలా వద్దా అని ఆమే తేలుస్తుంది. ఇస్తే ఇంకా కాటేజీలు, ఇంకో బోటు. ఇంక మా ఊరు ఎప్పటికీ దీవే. రేవు దగ్గర సున్నం రాయిని ముందురోజే పీకి, ఆ చోట పూలకుండీ పెట్టినారు. నేను ఆ గుంత చూసినాను.

ఆమె వచ్చే పూటకు నీళ్ళు తగ్గినాయి. పైన డ్యాములో ఆపినారు. మోటరు బోటు ఇసుకలో కూరుకుని కదలలేదు. గిడ్డయ్య ఇంజను చప్పుడు చేసి చేసి దిగేసినాడు. బాలరాజు కొత్త తెల్ల చొక్కా వేసుకుని చెమటలు కక్కుతున్నాడు.

"పుట్టిలో పోదాం మేడం" అన్నాడు చివరికి. "అసలు మా సంప్రదాయం అదే."

అనురాధ నడివయసు మనిషి. చెప్పులు చేత్తో పట్టుకుని, చీర రవ్వ ఎత్తి, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా ఎక్కింది. ఆ నారింజ లైఫ్ జాకెట్టు వేసుకుంది. బాలరాజు ఫోటోలకు అడ్డమని జాకెట్టు వేసుకోలేదు. నాకెదురుగా కూర్చున్నాడు. రోడ్డు ఒడ్డున జీపులోళ్ళు, విలేకర్లు. గడ్డ ఒడ్డున పూలదండలతో, డప్పుతో మా ఊరోళ్ళు. ముందువరసలో కుర్చీలో సుభద్రమ్మ. నీలం చీరలో మౌనిక, చేతిలో హారతి పళ్ళెం.

నడిమడుగుకు పోయినాం. నీళ్ళు తేటగా ఉన్నాయి. అనురాధ వంగి చెయ్యి పెట్టి చూసింది.

"ఇక్కడేనా ఆ తిప్పే ఆట?" అన్నది.

"ఆట కాదు మేడం, పెద్ద సరిత్ర ఉండాది దానికి" అన్నాడు బాలరాజు. ఒడ్డు మీద కెమెరాలు ఎత్తడం చూసి నిటారుగా కూర్చున్నాడు. గొంతు పెంచి, అచ్చం మా గడ్డ యాసలోకి దిగి, నా ముఖం చూసి అన్నాడు. "తిప్పు బసప్పన్నా. మేడం సూస్తారు."

నా చెవులకు ఏటి చప్పుడు కూడా వినపడలేదు కాసేపు.

"ఏమంటివి?"

"తిప్పు అంటాండా గదా. సెవుడొచ్చిందా నీకు?"

తెడ్డు నీళ్ళలో లోతుకు దించి తిప్పినాను. అంతమందిని తిప్పింది ఒక ఎత్తు, అది ఒక ఎత్తు. బాగా అందుకున్నాక తెడ్డు ఎత్తి అడ్డంగా ఒళ్ళో పెట్టుకున్నాను.

రోడ్డు ఒడ్డున చప్పట్లు కొట్టినారు. గడ్డ ఒడ్డున డప్పు ఆగిపోయింది. మా ఊరోళ్ళు ఒక్కొక్కరు నీళ్ళ అంచుకు వచ్చి నిలబడినారు. సుభద్రమ్మ కుర్చీలోంచి లేచింది. తెడ్డు ఒళ్ళో ఉండటం ఆమె కంటికి ఆనింది.

బాలరాజు కూడా చూసినాడు.

"అన్నా, తెడ్డు ఎయ్యి."

"రామమ్మ ఒడ్డున పడుండంగ బోటు తాళం యాడ ఉండె?"

"ఇప్పుడు అవన్నీ ఏంటికి? మేడం ఉండారు."

"రేవుకాడ రాయి యాడికి పోయింది? వంతెన ఏమైంది?"

అనురాధ పుట్టి అంచు పట్టుకుని మా ఇద్దరినీ చూస్తా ఉంది. ఒడ్లు తిరుగుతున్నాయి. చప్పట్లు ఒకసారి, నిశ్శబ్దం ఒకసారి మా ముందుకొచ్చి పోతున్నాయి.

"వంతెనా?" అన్నది ఆమె. "వంతెన మీ ఊరివాళ్ళే వద్దన్నారు కదా. బసప్ప అని పుట్టి నడిపే ఆయన ఉన్నాడు, వంతెన వస్తే ఆయన కుటుంబం రోడ్డున పడుతుంది, అందుకే ఊరంతా వద్దంటోందని బాలరాజుగారే మాకు చెప్పారు. నేను ఆ మాట పెద్ద మీటింగులో కూడా చెప్పాను. స్థానికుల జీవనోపాధి అని."

పుట్టి ఇంకా తిరుగుతానే ఉంది.

"బసప్ప నేనేనమ్మా."

బాలరాజు ఒక చేత్తో కడుపు, ఒక చేత్తో అంచు పట్టుకున్నాడు.

"ముగ్గురం ఉండాం ఈ నీళ్ళ మీద" అన్నాను. "నా భార్య పోయింది. దాని పేరు కూడా నువ్వు వాడుకుంటివి, కుటుంబం అని. సెప్పు. నేను వద్దంటినా వంతెన?"

వాడు అవునంటే అబద్ధం, రెండొడ్లూ చూస్తున్నాయి. కాదంటే ఆ ఆఫీసరు ముందు దొరికిపోతాడు. నోరు తెరిచినాడు, మూసినాడు. గడ్డ ఒడ్డు వచ్చినప్పుడల్లా వాళ్ళమ్మ ఎదురుగా కనపడి పోతా ఉంది. నేను తొందర పెట్టలేదు. పుట్టి నెమ్మదించింది. ఇంకో చుట్టు. ఇంకో సగం. ఆగింది.

తెడ్డు తీసుకుని రోడ్డు ఒడ్డుకు వేసినాను.

"దిగు బాలరాజూ."

"అది ఆట అన్నా. నేను ఆటకంటిని. అది లెక్కలోకి రాదు."

"సంప్రదాయమని బల్ల రాయిస్తివి గదా."

దిగినాడు. తెల్ల ప్యాంటు మోకాళ్ళ దాకా బురద. జీపులోళ్ళు ఏం జరిగిందో అర్థంగాక ఇంకా నవ్వుతానే ఉన్నారు. పుట్టి వెనక్కి తిప్పుకుని అనురాధను గడ్డకు తీసుకుపోయినాను. ఆమె జమ్ము చూసింది, మళ్ళు చూసింది, గోడకున్న పుట్టి చూసింది.

"ఆ రోజు ఇది ఎక్కడుంది?"

"ఈడనే."

ఆమె వెదురుకు కొట్టిన మేకు మీద వేలు పెట్టి చూసింది. తిరిగి పోయేటప్పుడు పుట్టిలో అన్నది. "నేను అబద్ధం చెప్పను బసప్పగారూ. నా చేతిలో ఉన్నది దీవుల ఖాతా. వంతెన ఇంకో శాఖది. వంతెన కడితే ఇది దీవి కాదు, మామూలు ఊరు. నా ఖాతాలోంచి పోతుంది. ఒక్క పైసా రాదు."

"మీ ఖాతాలో ఉంటే మాకు ఒరిగిందేందమ్మా?"

"పిల్లలకు ఉద్యోగాలు."

"ఆ పిల్లలకు జరమొస్తే యాడికి పోతారు?"

ఒడ్డు వచ్చింది. ఆమె దిగి, దండం పెట్టి పోయింది. రెండో విడత రాలేదు. ఉన్నది కూడా నెమ్మదిగా మూతపడింది. మౌనిక పని పోయింది. పేరు బిళ్ళ తీసి నా ముందు పెట్టి, "నీ పగ నీకు దక్కింది నాయనా. నాకేం దక్కింది?" అన్నది. ఎమ్మిగనూరులో బట్టల అంగడిలో చేరింది. వారానికొకసారి వస్తుంది. నాతో మాట్లాడుతుంది, ముందు మాదిరి కాదు.

బాలరాజును దాటించడానికి ఎవరూ తెడ్డు వేయలేదు. గిడ్డయ్య బోటు దిగేసినాడు. "నాకు నడుము నొప్పి" అన్నాడు, నడుము ఊపుకుంటా. బాలరాజు కోడుమూరు నుంచి ఒక డ్రైవరును తెచ్చినాడు. వాడు మా మడుగుల కింద బండలు ఎరగడు. బోటు కడుపు చీల్చుకుని, ఈదుకుంటా ఒడ్డు చేరి, చెప్పకుండా బస్సెక్కినాడు. తర్వాత ఎస్సై వచ్చినాడు.

"ఏం బసప్పా, ఆయన్ని ఎక్కించుకోవంట?"

"అనుమతి లేని పుట్టిలో మనుషుల్ని ఎక్కించగూడదని సభలో సెప్పినారు సార్. నాకు అనుమతి లేదు."

"మరి ఊరోళ్ళను ఎక్కిస్తాండావే?"

"కేసు రాసుకోండి సార్. బాలరాజును మాత్రం అనుమతి వచ్చినాక ఎక్కిస్తాం."

ఎస్సై గిడ్డయ్య ఇచ్చిన కళింగర కాయ తిని, గింజలు ఊస్తా పోయినాడు.

శ్రావణంలో డ్యాము గేట్లు ఎత్తినారు. ఏరు ఎర్రగా వచ్చింది. ఆ వారమే సుభద్రమ్మకు ఎద పట్టేసింది, ఊపిరి ఆడలేదు. ఆట పుట్టి చిన్నది, ఆ వరదకు ఆగదని గోడ మీద పుట్టిని నేనూ గిడ్డయ్యా దించినాం. మేకు పీకి, బొక్కకు రెండు పట్టాలు వేసి తారు పూసినాం. ఆ నీళ్ళలో దాటించడం ఆషామాషీ కాదు. పైకి చాలా దూరం పోయి, వాలుకు వదిలి, రేవు కాడికి తేల్చినాం. సుభద్రమ్మ నా మోకాలు పట్టుకుని కూర్చుంది.

"నా కొడుకు కోసరం నన్ను కూడా వదిలేస్తావేమో అనుకుంటి బసప్పా" అన్నది ఆయాసంతో.

"నీ మీద నాకేం పగ పెద్దమ్మా."

ఒడ్డున బాలరాజు కారు పెట్టుకుని ఉన్నాడు. తల్లిని ఎత్తుకున్నాడు. ఎమ్మిగనూరు ఆస్పత్రిలో ఆమె బతికింది. నీళ్ళు తగ్గినాక, ఆదోనిలో ఉండమని కొడుకు ఎంత చెప్పినా వినక రేవుకొచ్చింది. నేను పుట్టి తెచ్చినాను. ఆమెను ఎక్కించుకున్నాను. బాలరాజు కూడా ఒక కాలు పుట్టిలో పెట్టబోయినాడు. నేను తెడ్డు అడ్డం పెట్టినాను.

"అన్నా, అమ్మకు ఈసారి ఏమన్నా అయితే? నేను ఎట్ల రావల్ల?"

"నేను ఒకపూటంతా అవతల ఒడ్డు సూస్తా కూర్చుంటి. ఎట్లుంటాదో నీకూ తెలియల్ల."

"ఎన్నాళ్ళన్నా ఇది?"

"వంతెన మీద రా."

వాడు వాళ్ళమ్మ వైపు చూసినాడు. ఆమె మందుల సంచి ఒళ్ళో సర్దుకుంటా అన్నది. "దీవి బాగుండాది, దీవిగానే ఉండనీ అంటివి గదా నాయనా. ఆడనే నిలబడి సూడు, బాగుంటాది."

ఆ తర్వాత బాలరాజు కర్నూలు ఆఫీసులు పట్టుకున్నాడని విన్నాను. వంతెన కోసం. ఇంజనీర్ల గదుల ముందు బెంచీల మీద కూర్చుంటున్నాడని, లాడ్జి పని కూడా చూసుకోవడం లేదని గిడ్డయ్య చెప్పినాడు. చెప్తా నవ్వినాడు. నాకు నవ్వు రాలేదు. తృప్తి అయింది.

చలికాలంలో మూడుకాళ్ళ గొట్టం పెట్టుకుని కొలతలోళ్ళు రోడ్డు ఒడ్డుకు వచ్చినారు. వాళ్ళకు కొలబద్ద పట్టుకునే మనిషి తక్కువైతే బాలరాజే పట్టుకుని బురదలో నిలబడినాడు. నేను పుట్టిలో ఉల్లిగడ్డ మూటలు వేసుకుని పోతాండాను.

"బసప్పన్నా" అని కేక వేసినాడు. "పాత రాయి యాడుండె?"

తెడ్డు ఎత్తి పూలకుండీ వైపు చూపించినాను. వాడు కుండీ పక్కకు దొర్లించి, ఆ గుంత చూసి, కొలబద్ద ఆడ నిలబెట్టినాడు. దాన్ని ఇంకొకని చేతికిచ్చి, నా వైపు నీళ్ళలోకి దిగినాడు. మోకాళ్ళు, తొడలు, నడుము దాకా వచ్చినాడు. చెయ్యి చాపితే పుట్టి అంచు అందేంత దగ్గరికి వచ్చినాడు.

వాని చెయ్యి లేచింది. నేను ఒక తెడ్డు వేసినాను. పుట్టి రవ్వ అవతలికి జరిగింది.